ఆటలో పాత్రకు ఊరూ పేరూ: పాతబస్తీ ఇళ్లలో పనికొచ్చే చిట్కాలు

స్కైరిమ్, మోరోవిండ్, ఎల్డెన్ రింగ్ లాంటి వీడియో ఆటలు ఒక్క వారంలో తెమిలేవి కావు. సెలవులు అయిపోయినా సాగుతూనే ఉంటాయి. క్యారెక్టర్‌ను తయారుచేసుకునేది మొదటి గంటలోనే. ఆ లోకపు పూర్వకథ, అంటే ఆడేవాళ్లు లోర్ అనేది మాత్రం ఎంత ఆడినా పూర్తిగా తేలదు. ఈ రెండింటికీ కావలసిన సరుకంతా చార్మినార్ చుట్టుపక్కలే ఉందని నా గట్టి నమ్మకం. లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ వైపు ఇళ్లలో ఆడే పిల్లలకూ, వాళ్ల పక్కన కూర్చుని చూసే పెద్దలకూ ఈ చిట్కాలు.

1. ముక్కు కంటే ముందు మూడు వాక్యాలు. ఆట మొదలవగానే ముక్కు పొడవు, జుట్టు రంగు దిద్దుకుంటూ గంట గడిపేస్తారు. ఆ పని తర్వాత. ముందు కాగితం మీద మూడు సంగతులు రాయండి: మీ క్యారెక్టర్ ఎక్కడివాడు, ఎవరికి రుణపడి ఉన్నాడు, ప్రాణం పోయినా ఏ పని చేయడు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉత్తవే. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించినప్పుడు కోట లోపల ఇద్దరు సేనానులున్నారు. అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం పుచ్చుకుని రాత్రివేళ తలుపు తీయించాడు. అబ్దుర్ రజాక్ లారీ తనకు ఆశ చూపుతూ వచ్చిన లేఖను అందరి ముందూ చింపేశాడని చెబుతారు. శత్రువు లోపలికి వచ్చాక ఒళ్లంతా గాయాలై పడిపోయేదాకా పోరాడాడు. అతని నిష్ఠకు మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు. ఆట లెక్కల్లో ఈ ఇద్దరినీ తయారుచేస్తే కత్తి, కవచం, లెవెల్ దాదాపు ఒకటే వస్తాయి. వాళ్లను విడదీసేది మూడో వాక్యమే.

2. క్లాసు ఎంచుకునే ముందు చేతిపని ఎంచుకోండి. ‘యోధుడు’, ‘మాంత్రికుడు’ అనుకుంటే అందరి క్యారెక్టర్లూ ఒకేలా తయారవుతాయి. చార్మినార్ దగ్గరి సందుల్లో వెండి వరఖ్ కొట్టేవాళ్లను చూడండి. ఇప్పుడు తక్కువమందే మిగిలారు. పొరల మధ్య వెండి ముక్క పెట్టి, అది గాలికి ఎగిరేంత పల్చనయ్యేదాకా గంటల తరబడి సుత్తి దెబ్బ తప్పకుండా వేస్తారు. అలాంటివాడు ఆటలోకి వస్తే అతనికి స్టామినా కావాలి, చేతిలో బరువైన సుత్తి కావాలి, తొందరపడని స్వభావం కావాలి. లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే ఆమెకు నిప్పు సెగ అలవాటే, వేళ్లలో నేర్పుంటుంది. ఆమెకు అగ్ని మంత్రాలూ తాళాలు తీసే విద్యా ఇవ్వండి. అత్తరు అమ్మేవాడికి మాటకారితనం, మూలికల జ్ఞానం. ఇలా మొదలుపెట్టాక ఏ స్కిల్ పెంచాలా అన్న సందేహం మళ్లీ రాదు.

3. పాయింట్లు చల్లేయకండి. స్కైరిమ్‌లో పద్దెనిమిది స్కిల్స్ ఉంటాయి. లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చేది ఒక్క పెర్కే, అంటే ఏదో ఒక స్కిల్‌లో ఒక్క ప్రత్యేక మెరుగే. ప్రాణం, మంత్రశక్తి, స్టామినా మూడింటిలో ఒక్కదానికే పది పాయింట్లు కలుస్తాయి. ఆ ఆటలో మీ లెవెల్‌తో పాటు చాలామంది శత్రువులూ బలపడతారు. బేరాలూ తాళాలూ నేర్చుకుంటూ లెవెల్ పెంచుకుపోతే, కత్తి పట్టడం రాకుండానే పెద్ద శత్రువు ఎదురవుతాడు. ఇరవయ్యో లెవెల్ దాకా మూడు స్కిల్స్ పట్టుకోండి, చాలు. ఎల్డెన్ రింగ్‌లో అయితే ముందు ప్రాణబలాన్ని పెంచే విగర్‌ను నలభైకి చేర్చండి. అరవై దాటాక దానికి పెట్టే పాయింటు దాదాపు వృథా.

4. లోర్‌కు ఒక లాంగ్ నోట్‌బుక్, అందులో మూడు గళ్లు. మొదటి గడిలో కళ్లతో చూసింది, రెండో గడిలో ఎవరు చెప్పారో పేరుతో సహా వాళ్ల మాట, మూడో గడిలో మన ఊహ. ఈ పద్ధతి పట్టుబడాలంటే ముందు మన ఊరి కథ మీదే ప్రయోగించి చూడండి.

భాగమతి కథ అందరికీ తెలుసు. గోల్కొండ కుతుబ్‌షాహీ యువరాజు మహమ్మద్ కులీ మూసీ అవతల చించలం గ్రామంలోని అమ్మాయిని ప్రేమించాడు, వరదలో గుర్రాన్ని దూకించాడు, కొడుకు కోసం తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడు, ఆ అమ్మాయి పేరునే నగరం భాగ్యనగరమైంది. ఇక గళ్లు నింపండి. మొదటి గడిలో పురానాపూల్ ఉంది, 1578లో కట్టింది, ఇప్పటికీ చూడొచ్చు. చార్మినార్ ఉంది, 1591 నాటిది. రెండో గడిలో చరిత్రకారుడు ఫరిష్తా ఉన్నాడు, అక్బర్ ఆస్థానపు ఫైజీ ఉన్నాడు. ఇద్దరూ ఆ కాలంవాళ్లే, ఇద్దరూ ఆమె మాట రాశారు, ఇద్దరూ గోల్కొండ కొలువుకు బయటివాళ్లు. అదే గడిలో వాళ్లకు ఎదురుగా మన కాలపు చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ. కుతుబ్‌షాహీల సొంత రాతల్లో ఆమె ఊసు లేదనీ, సమాధి కూడా లేదనీ ఆయన కథను కొట్టిపారేశారు. రచయిత నరేంద్ర లూథర్ ఆమె ఉందనే వాదించారు. మూడో గడిలో మనం చేసే చిన్న లెక్క: వంతెన పూర్తయ్యేనాటికి మహమ్మద్ కులీకి పన్నెండు, పదమూడేళ్లు. కాబట్టి ఆ వంతెన ప్రేమ కోసం కట్టిందన్న మాట నిలవదు. అంతమాత్రాన భాగమతి లేదని రుజువైనట్టు కాదు. ఈ రెండు వాక్యాలనూ విడివిడిగా పట్టుకోగలిగినవాళ్లు ఏ ఆటలోనైనా లోర్ మాట్లాడగలరు.

ఇప్పుడు మోరోవిండ్ తెరవండి. 2002లో వచ్చిన ఆ ఆటలో నెరెవార్ అనే వీరుడు ఎలా చనిపోయాడన్నది అసలు ప్రశ్న. యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడని గుడివాళ్లు చెబుతారు. నమ్మినవాళ్లే చంపేశారని గుడారాల్లో బతికే తెగలవాళ్లు చెబుతారు. ఏది నిజమో ఆట చివరిదాకా తేల్చి చెప్పదు. అది లోపమని కొందరు విసుక్కుంటారు. నాకు అదే ఆ ఆటలోని గొప్పతనం.

5. గోడల వయసు చదవండి. మక్కా మసీదుకు 1617 ప్రాంతంలో పునాది వేసింది కుతుబ్‌షాహీలు. 1694లో పూర్తి చేయించింది ఆ వంశాన్ని కూలదోసిన ఔరంగజేబు. చార్మినార్ మీది గడియారాలు 1889లో వచ్చాయి, అంటే కట్టిన మూడు వందల ఏళ్లకు. ఒకే కట్టడంలో ఇన్ని కాలాలుంటాయని తెలిసినవాళ్లు స్కైరిమ్‌లోని మార్కార్త్ నగరంలోకి అడుగుపెట్టగానే ఆగి చూస్తారు. అక్కడ కాపురముంటున్నవాళ్లు వేరు, ఆ రాతి నగరాన్ని కట్టి ఎటో మాయమైన డ్వెమర్ జాతి వేరు. ఎల్డెన్ రింగ్‌లో ఆ పని వస్తువులతో చేయాలి: ఉంగరం కింద, కత్తి కింద ఉన్న నాలుగు వాక్యాలు చదవకుండా సంచిలో పడేస్తే సగం కథ పోయినట్టే.

6. దారి చూపే మార్కర్‌ను తీసేయండి. కనీసం వారానికి ఒకరోజు. మోరోవిండ్‌లో ఎలాగూ అది ఉండదు. వాగు దాటు, రెండు బండల మధ్య ఎడమకు తిరుగు అని మనుషులే చెబుతారు. మన దగ్గరా అంతేగా: నయాపూల్ దాటి మదీనా, అక్కణ్నుంచి పత్తర్‌గట్టీ, మచిలీ కమాన్ కింద నుంచి గుల్జార్ హౌజ్. పిల్లలను ఆ దారిలో ఫోన్ లేకుండా ఒకసారి నడిపించండి.

7. కరెంటుకు ముందుచూపు. యూపీఎస్ లేకపోతే గంటకోసారి కొత్త పేరుతో సేవ్ చేయండి, పాతదాని మీద రాయకండి. వారానికోసారి సేవ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఒకే కంప్యూటర్‌లో అన్నదమ్ములు ఆడుతుంటే ఎవరి అకౌంట్ వాళ్లకు పెట్టండి. తమ్ముడి సేవ్ పోతే ఆ ఇంట్లో వారం పాటు శాంతి ఉండదు.

8. నాయనమ్మను ఆటలోకి పిలవండి. కాశీమజిలీ కథలు విన్నవాళ్లకూ, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ చదివినవాళ్లకూ రాక్షసులు, మాయా ద్వీపాలు, శాపాలు కొత్త కాదు. పక్కింటి ఉర్దూ పెద్దలు తిలిస్మే హోష్‌రుబా పేరు వినే ఉంటారు. 1883 నుంచి లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ సంపుటాలుగా అచ్చువేసిన మహా దాస్తాన్ అది. అందులో అమర్ అయ్యార్ అనే మాయగాడి దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. ఏది వేసినా పడుతుంది, ఎంత వేసినా నిండదు. స్కైరిమ్‌లో మూడు వందల బరువు దాటగానే కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే మన వీరుణ్ని చూపించి, ఈ అమర్ కథ చెప్పించండి. వాళ్ల కథల్లోంచి ఒక శాపమో, ఒక మాటో తీసుకుని మీ క్యారెక్టర్‌కు పెట్టండి.

9. జోస్యం వినిపిస్తే తొందరపడి నమ్మకండి, కొట్టిపారేయకండి. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల మర్నాడు రంగం, అంటే అమ్మవారి పేరున చెప్పే జోస్యం, వినడానికి జనం ఎలా నిలబడతారో గమనించండి. పచ్చికుండ మీద నిలబడి చెప్పే మాట కోసం చెవులన్నీ అటే ఉంటాయి. వానలు, పంటలు, రోగాలు, అన్నీ అందులోనే. విన్న ప్రతివాళ్లూ ఆ మాటలను తమ ఇంటికి అన్వయించుకుంటూ వెళ్తారు. ఆటల్లో ‘నువ్వే ఆ వీరుడివి’ అని జోస్యం చెప్పగానే మీ క్యారెక్టర్ ఎలా తీసుకుంటాడో రాసుకోండి. భయపడతాడా, గర్వపడతాడా? మోరోవిండ్‌లో ఒక గుహ ఉంది. మీకంటే ముందు ఆ జోస్యం తమ గురించేనని నమ్మి ఓడిపోయినవాళ్లందరూ అక్కడ కనిపిస్తారు. అక్కడికి వెళ్లేముందే ఈ జవాబు రాసి ఉంచుకోండి.

10. చాయ్ దగ్గర లోర్ ముచ్చట పెట్టేటప్పుడు. చార్మినార్ పక్క ఇరానీ హోటల్‌లో నలుగురు కూర్చున్నారనుకోండి. ముందుగా ఎవరు ఎంతవరకు ఆడారో చెప్పుకోవాలి, అందరికంటే వెనకున్నవాడి దగ్గరే కథ ఆగాలి. వాడు ‘నక్కో’ అంటే ఇక ఆపాల్సిందే. ఏ మాట అన్నా ఆటలో ఎక్కడ దొరికిందో చెప్పాలి: పుస్తకమా, వస్తువా, పాత్ర నోటి మాటా? ఎక్కడో విన్నాను అంటే అది మూడో గడిలోకి. వయసులో చిన్నవాడు మొదట మాట్లాడాలి. పెద్దన్న చెప్పేశాక వాడు నోరు విప్పడు.

11. రెండోసారి ఆడేటప్పుడు పన్నీని ఆడండి. మొదటిసారి ఏ పని చేయనని రాసుకున్నారో అది చేయగల మనిషిని తయారుచేయండి. వాడికీ మూడు వాక్యాలు రాయండి: ఎవరికి రుణపడ్డాడు, ఎందుకు తలుపు తీశాడు, తీశాక కూడా ఏ పని మాత్రం చేయలేడు. పాత సేవ్‌ను మాత్రం తుడిచేయకండి. రెండు నోట్‌బుక్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే ఊరి మనుషులు ఈ ఇద్దరితోనూ ఎంత వేరుగా మాట్లాడారో తెలుస్తుంది.