పాత బ్రెయిల్ ముద్రణ యంత్రము – కొత్త కంప్యూటరు

బ్రెయిల్ ముద్రణ యంత్రానికి సిరా అక్కరలేదు. మందపాటి కాగితాన్ని సన్నని కడ్డీలతో పొడిచి, వేలికి తగిలే చుక్కలను పైకి లేపడమే దాని పని. ఎంబోసరు అని వ్యవహరించే ఈ యంత్రాలను 1980, 90 దశకాలలో ఫ్లోరిడాలోని ఎనేబ్లింగ్ టెక్నాలజీస్, స్వీడన్‌లోని ఇండెక్స్ బ్రెయిల్ వంటి సంస్థలు దిట్టంగా నిర్మించాయి. కొత్తవి వచ్చినప్పుడు బడులూ గ్రంథాలయాలూ పాతవాటిని వదిలించుకుంటాయి. కొత్త యంత్రం వెల వేల డాలర్లలో ఉంటుంది కనుక, ఒక ఇంటికి అటువంటి పాత యంత్రం చేరడం చిన్న విషయం కాదు.

అరిజోనాలోని చాండ్లర్‌లో ఇంటెల్ కర్మాగారాలు, మైక్రోచిప్ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నాయి. ఆ పరిశ్రమల వెంట అక్కడ స్థిరపడిన తెలుగు ఇంట్లో చూపులేని బిడ్డ పుడితే, బడిలో ఇంగ్లీషు బ్రెయిల్ నేర్పుతారు. తెలుగు మాత్రం ఆ బిడ్డకు చెవికి వినబడే భాషగానే మిగిలిపోతుంది. అమ్మమ్మ పేరు ఎలా రాస్తారో వేలితో తడిమి తెలుసుకొనే అవకాశం ఉండదు. గరాజులో ఒక మూల పడివున్న పాత ఎంబోసరు ఈ లోటును తీర్చగలదు. కొత్త ల్యాప్‌టాపుకు తగిలించగానే అది పలకకపోతే చెడిపోయిందని నిర్ణయించడం తొందరపాటు.

అయితే మీట నొక్కడానికి ముందు రసాయన శాస్త్రం చెప్పే ముక్కలు రెండున్నాయి. చాండ్లర్ వేసవి 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మూసివున్న గరాజు అంతకంటె వేడెక్కుతుంది. విద్యుత్ సరఫరా విభాగంలోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఆవిరై పోతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వాటి ఆయువు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. పైభాగం ఉబ్బినా, అడుగున జిడ్డు కారినా వాటిని మార్పించాలి. తీగ ఊడదీసిన తరువాత కూడ కెపాసిటరులో ఆవేశం నిలిచి ఉంటుంది కాబట్టి ఆ పని తెలిసినవారికే అప్పగించాలి. ఇక కాగితాన్ని లాగే రబ్బరు చక్రాలు వేడికి గట్టిపడి జారుతుంటాయి. వాటిని కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవవచ్చు. పెట్రోలియం నూనెలు తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

తరువాత తీగ సంగతి. పాత యంత్రాలలో చాలావాటికి ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం ప్రకారం సందేశం అందాలి. 1960 నాటి ఆ ప్రమాణంలో 1 అనే అంకెకు రుణ వోల్టేజి, 0 అనే అంకెకు ధన వోల్టేజి. పరిమాణం 3 నుండి 15 వోల్టుల వరకు ఉండవచ్చు. నేటి ల్యాప్‌టాపులో ఉన్నది యూఎస్‌బీ ద్వారం మాత్రమే. ఒకదాన్ని మరొకదానిగా మార్చే చిప్‌లున్నాయి. చాండ్లర్‌కే చెందిన మైక్రోచిప్ రూపొందించిన ఎంసీపీ2200 వాటిలో ఒకటి. కాని చిప్ ఒక్కటే ఉన్న చిన్న పలకను నేరుగా యంత్రానికి కలిపితే ఆ వోల్టేజికి చిప్ మాడిపోతుంది. వోల్టేజిని కూడ మార్చే, ఆర్‌ఎస్-232 అని స్పష్టంగా రాసివున్న తీగనే కొనాలి. అప్పటికీ యంత్రం ఉలకకపోతే, పంపే తీగనూ అందుకొనే తీగనూ తారుమారు చేసే నల్ మోడెమ్ అనే ముక్కను మధ్య పెట్టి చూడాలి.

వేగం ఇరువైపులా ఒకటే ఉండాలని అందరికీ తెలుసు. ఎక్కువమందిని ఏడిపించేది దాని పక్కనున్న మరొక అమరిక. సెకనుకు 9600 బిట్ల వేగంతో పంపితే సెకనుకు సుమారు 960 అక్షరాలు చేరుతాయి. బ్రెయిల్ పుటలో 40 గడుల పంక్తులు 25 పడతాయి, అంటే 1000 గడులు. ఆ పుట మొత్తం ఒక్క సెకనులో తీగ దాటివస్తుంది. సెకనుకు 25 అక్షరాలు పొడిచే యంత్రానికి దాన్ని ముద్రించడానికి 40 సెకన్లు కావాలి. మిగిలినది యంత్రంలోని జ్ఞాపకంలో నిలువ ఉంటుంది. అది నిండగానే "ఆగు" అని యంత్రం చెప్పాలి, కంప్యూటరు వినాలి. ఈ సంప్రదింపు తీగలో ప్రత్యేక సంకేతంతో జరగవచ్చు, ఎక్సాన్-ఎక్సాఫ్ అనే రెండు అక్షరాలతోనూ జరగవచ్చు. రెండువైపులా ఒకే పద్ధతిని ఎంచుకోవాలి. మొదట చక్కగా ముద్రించి, కొంతదూరం పోయాక అక్షరాలు మింగడం మొదలుపెట్టిన యంత్రంలో దోషం సాధారణంగా ఇక్కడే ఉంటుంది.

ఆ యంత్రం నమూనాకు కొత్త విండోస్‌లో డ్రైవరు లేదని చాలామంది నిరాశపడతారు. నిజానికి దాని అవసరమే లేదు. విండోస్‌లో ఉండే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే సాదా ప్రింటరును ఎంచుకొని, దాన్ని సీరియల్ ద్వారానికి ముడివేస్తే చాలు. లినక్స్‌లోనైతే ఫైలును ఏ మార్పూ లేకుండా నేరుగా పంపవచ్చు. ఎందుకంటే ఎంబోసరుకు బొమ్మలు, ఖతులు తెలియవు. బ్రెయిల్ గడిలో ఆరు చుక్కలు; ఖాళీ గడితో కలిపి 64 అమరికలు. అమెరికాలో ఈ అరవైనాలుగింటికీ కీబోర్డు మీది 64 గుర్తులను జతచేశారు. ఒక గుర్తు అందగానే ఒక గడి పొడవడం తప్ప ఆ యంత్రానికి ఏ భాషా రాదు.

తెలుగుకు మేలు చేసేది సరిగ్గా ఈ అజ్ఞానమే! 1951లో బీరూట్‌లో యునెస్కో జరిపిన సమావేశం తరువాత భారతీయ భాషలకు ఏర్పడిన భారతి బ్రెయిల్‌లో కూడ అవే ఆరు చుక్కలు. "తెలుగు" అనే మాటకు గడులు వరుసగా త, ఎ, ల, ఉ, గ, ఉ. గుణింతపు గుర్తు హల్లు తరువాత వేరే గడిలో వస్తుంది. అమెరికన్ జాబితాలో ఈ ఆరు గడులకు సరిపోయే గుర్తులు టీ, 5, ఎల్, యూ, జీ, యూ. ఈ ఆరింటినీ వరుసగా పంపితే, తెలుగు అనే భాష ఉన్నదనే ఎరుగని యంత్రం తెలుగు బ్రెయిల్ పుటను అందిస్తుంది. దానిలో ఉన్న ఇంగ్లీషు సంక్షిప్తాల సౌకర్యాన్ని మాత్రం ముందుగా నిలిపివేయాలి. అదే మాటను యూనికోడ్ ఫైలుగా పంపితే, ఒక్కొక్క సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు కనుక 18 బైట్ల గందరగోళం కాగితమెక్కుతుంది.

ఈ మార్పిడిని చేతితో చేయనక్కరలేదు. 2002లో మొదలైన లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెలుగు పట్టిక కూడ ఉన్నది. ఒక మెలిక మాత్రం గమనించాలి. యూనికోడ్‌లో "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ. భారతి బ్రెయిల్‌లో సంయుక్తాక్షరానికి పొల్లు గుర్తు ముందుకు వస్తుంది: అ, నాలుగవ చుక్క, మ, మ. పట్టిక ఈ స్థానమార్పిడిని చేస్తున్నదో లేదో పెద్ద పుస్తకం మొదలుపెట్టక మునుపే రెండు మూడు చిన్న మాటలు ముద్రించి చూసుకోవాలి. తల్లిదండ్రులు చుక్కలను కంటితోనే లెక్కపెట్టవచ్చు.

కాగితం విషయంలో చాండ్లర్ గాలి మరొక ఇబ్బంది పెడుతుంది. కాగితంలోని సెల్యులోజు గాలిలోని తేమను కొంత పట్టి ఉంచుకొంటుంది. ఆ తేమ వల్లనే అది సాగుతుంది. ఎడారి గాలికి ఎండిన కాగితం పొడిచినప్పుడు సాగక, చుక్క కొన వద్ద పగులుతుంది. అటువంటి చుక్క వేలికి గరుకుగా తగిలి, త్వరగా అణగిపోతుంది. కట్టను ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచి, ముద్రించే రోజుననే విప్పడం మంచిది.