నాలుగంకెల తాళం

ఊరికి పోయేటప్పుడు ఇంటికి తాళం వేస్తాం. తాళంచెవి కొంగున ముడి వేసుకుంటాం. దారిన పోయేవాళ్లకు ఇవ్వం. మరి ఫోనుకు తాళం ఉందా? ఉంది. దాని పేరు పిన్. పిన్ అంటే రహస్య సంఖ్య. పిన్ అడిగేటప్పుడు యంత్రం మన ముఖం చూడదు. ఆ అంకెలు ఎవరు నొక్కితే వాళ్లే సొంతదారు అనుకుంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. తీగ ఫోన్లకు మునుపు ఎస్టీడీ తాళం ఉండేది. రహస్య సంఖ్య తెలిసినవాళ్లే దూరపు ఊళ్లకు మాట్లాడగలిగేవాళ్లు.

ఫోనులో దాచేదేముంది?

ఎవరితో మాట్లాడాం, ఎప్పుడు, ఎంతసేపు? ఈ లెక్క ఫోను కంపెనీ దగ్గర ఉంటుంది. అది మన సొంత విషయం. అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ అనే పెద్ద కంపెనీ ఉండేది. ఆ కంపెనీ తరఫున కూపీ లాగినవాళ్లు, తామే ఖాతాదారులమని అబద్ధమాడి విలేఖరుల ఫోను లెక్కలు సంపాదించారు. 2006లో ఈ గుట్టు బయటపడింది. 2007లో అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. ఖాతాదారు రహస్య సంకేతం చెప్పనిదే ఫోనులో ఆ లెక్కలు చెప్పకూడదు.

మనకు ఇంకో ముడి కూడా ఉంది. బ్యాంకు ఖాతా మన ఫోను నంబరుతో కలిసి ఉంటుంది. ఫోను చిక్కితే డబ్బుకూ దారి చిక్కినట్టే.

మూడు రహస్య సంఖ్యలు

1. సిమ్ పిన్: సిమ్ కార్డుకు వేసే తాళం. దొంగ ఆ కార్డును వేరే ఫోనులో వేసినా, పిన్ లేనిదే అది పనిచేయదు. మూడుసార్లు తప్పు నొక్కితే బిగుసుకుపోతుంది. అప్పుడు కంపెనీ ఇచ్చే 8 అంకెల పీయూకే కావాలి. దాన్ని 10 సార్లు తప్పు నొక్కితే కార్డు ఇక పనికిరాదు. అందుకే తెలియకుండా నొక్కవద్దు.
2. ఓటీపీ: ఒక్కసారికే పనికొచ్చే సంఖ్య. మెసేజీగా వస్తుంది.
3. యూపీఐ పిన్: డబ్బు పంపడానికి నొక్కేది. 4 లేదా 6 అంకెలు ఉంటాయి. డబ్బు రావడానికి దీనితో పని లేదు.

ఇలా ఫోను రావచ్చు

"అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ సంఘం అప్పు వచ్చింది. మీకొచ్చిన నంబరు చెప్పండి."
"అప్పు మాకిచ్చేదానికి నా నంబరు నీకెందుకు నాయనా?"
"లేకపోతే అప్పు రద్దయిపోద్దమ్మా!"
"సరే, రేపు నేనే బ్యాంకుకు వస్తాలే."

ఈ జవాబే మంచి జవాబు. భయపెట్టినా, ఆశపెట్టినా సంఖ్య చెప్పకూడదు.

వేలిముద్ర జాగ్రత్త

కొత్త సిమ్‌కు వేలిముద్ర అడుగుతారు. "సరిగా పడలేదు, మళ్లీ పెట్టమ్మా" అంటే ఎందుకని అడగండి. అలా మన పేరుతో ఇంకో సిమ్ తీసే మోసగాళ్లున్నారు. మన పేరుమీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే ఏర్పాటు 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే వచ్చింది. ఇప్పుడది సంచార్ సాథీలో దేశమంతటికీ ఉంది.

అందరి ఫోన్లూ పనిచేస్తూ మీ ఫోనుకే ఉన్నట్టుండి సిగ్నల్ పోయిందా? వెంటనే కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. వేరేవాళ్లు మీ నంబరుతో సిమ్ తీసి ఉండొచ్చు. డబ్బు పోతే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

మన అంకెలు మన చేతిలోనే

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దారు. సారా అంగడి మూయించారు. చదువు అంటే మన మంచిచెడ్డలు మనమే చూసుకోవడం. "నాకు రాదు, నువ్వే నొక్కు అబ్బయ్యా" అని దుకాణంలో ఫోను ఇచ్చేస్తే ఆ చదువు ఎందుకు? మీకిప్పుడు అంకెలు వచ్చు. మెల్లగానైనా మీరే నొక్కండి. చేయి అడ్డం పెట్టుకుని నొక్కండి. మొగుడైనా, కొడుకైనా అడిగితే, ఇది నా సంతకం లాంటిదని చెప్పండి.

ఆలోచించండి

1. 1234, పుట్టిన సంవత్సరం పిన్‌గా ఎందుకు పెట్టకూడదు?
2. పిన్‌ను ఫోను అట్ట వెనక రాసిపెడితే ఏమవుతుంది?
3. మీ పిన్ ఇప్పుడు ఎంతమందికి తెలుసు? తెలిస్తే ఈరోజే మార్చండి.