డిస్క్ జారిన చిన్న కుక్కను ఇంట్లో చూసుకోవడం ఎలా?

మా జున్ను డాష్‌హండ్. పొట్టి కాళ్లు, పొడుగు నడుము, నల్లటి ఒంటి మీద కళ్లపైన రెండు గోధుమరంగు చుక్కలు. దానికి అయిదేళ్లప్పుడు, కార్తీకమాసంలో ఒక పొద్దున్న, సోఫా ఎక్కబోయి ఆగిపోయింది. ముందుకాళ్లు సోఫా అంచు మీద పెట్టి, అక్కడే నిలబడి నా వైపు చూసింది. దగ్గరికి తీసుకుంటే ఒళ్లంతా సన్నగా వణుకుతోంది, పొట్ట రాయిలా బిగుసుకుని ఉంది. కడుపునొప్పి అనుకుని పెరుగన్నం పెట్టి ఊరుకున్నాను. నొప్పి కడుపులో కాదు, నడుములో. ఆ సంగతి తెలిసేసరికి ఒక రోజు గడిచిపోయింది. మీకు ఆ రోజు వృథా కాకూడదని ఇదంతా చెబుతున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. రెండు వెన్నుపూసల మధ్య ఉండే బిళ్లే డిస్క్. లేత తాటిముంజ లాంటిదనుకోండి: పైన ఒక పొర, లోపల మెత్తటి గుజ్జు. పరిగెత్తినా గెంతినా ఆ అదురుని అదే మింగుతుంది. డాష్‌హండ్, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, షిట్జూ లాంటి జాతుల్లో ఈ ముంజ ఏడాది, రెండేళ్లకే ముదరడం మొదలుపెడుతుంది. వాటి కాళ్లను పొట్టిగా చేసే జన్యుమార్పుల్లోనే ఈ చిక్కు కూడా ఉంది. ముదిరిన గుజ్జు ఒత్తిడికి సాగదు. పొర చిట్లి, లోపలి సరుకు పైకి తన్నుకొచ్చి, సరిగ్గా ఆ పైనే ఉన్న వెన్నుపాముని నొక్కుతుంది. ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ల వయసులో, ఛాతీ అయిపోయి నడుము మొదలయ్యే చోట ఇది జరుగుతుంది. మెడలోనూ రావచ్చు. డాష్‌హండ్లలో సుమారు అయిదింట ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. సోఫా మీంచి దూకనిచ్చామే అని కుమిలిపోకండి. దూకడం ఆఖరి తోపు మాత్రమే, లోపల అప్పటికే ఎన్నో ఏళ్లుగా ముదురుతూ ఉంది.

1. గుర్తుపట్టండి

కుక్క నొప్పిని నోటితో చెప్పదు, మానుకున్న పనులతో చెబుతుంది. మెట్లు ఎక్కడం మానేస్తుంది. పిలిస్తే లేచి రాదు. వీపు విల్లులా వంచి నిలబడుతుంది. ఎత్తుకోబోతే కెవ్వుమంటుంది. మెడలో డిస్క్ అయితే తల దించుకుని, తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి చూస్తుంది. తర్వాతి మెట్టు తూలడం: వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి, గోళ్లు నేలకి రాసుకుంటూ గీరిన చప్పుడు వస్తుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. కుక్కని నిలబెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి, వెనక పాదాన్ని మెల్లగా మడిచి పైభాగం నేలకి తగిలేలా పెట్టండి. బాగున్న కుక్క తక్షణం పాదం సరిచేసుకుంటుంది. మడిచిన పాదాన్ని అలాగే ఉంచిందంటే, కాలు ఎక్కడుందో మెదడుకి కబురు అందడం లేదన్నమాట. నిలబెడితేనే బాధపడే కుక్కకి మాత్రం ఈ పరీక్ష చేయకండి.

2. ఎంత తొందరో తేల్చుకోండి

నొప్పి మాత్రమే ఉండి నడక బాగుంటే ఆ రోజే డాక్టరుకి చూపించండి. తూలుతుంటే గంటల్లో. వెనక కాళ్లు ఈడ్చుకుంటున్నా, ఒంటేలు ఆగిపోయినా, రాత్రి పన్నెండైనా సరే, ఆ క్షణమే. తెల్లారేదాకా చూద్దామనుకునే జబ్బు కాదు ఇది. కాళ్లు పూర్తిగా పడిపోయినా లోతైన నొప్పి, అంటే వేళ్లు గట్టిగా నొక్కితే కలిగే నొప్పి, తెలుస్తున్న కుక్కల్లో, ఆపరేషన్ చేస్తే పదింట తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియని స్థితికి వెళ్తే ఆపరేషన్ చేసినా లేచేవి సగం, అంతకి కాస్త పైన.

ఇక్కడ చాలామంది పొరపడతారు. వేళ్లు నొక్కితే కాలు వెనక్కి లాక్కుంది కాబట్టి స్పర్శ ఉందంటారు. మెదడుకి సంబంధం తెగిపోయినా కాలు దానంతటది లాక్కుంటుంది. తల తిప్పి చూసిందా, అరిచిందా, కరవబోయిందా అన్నదే లెక్క. ఆ పరీక్ష డాక్టరుకే వదిలేయండి.

3. మోసే పద్ధతి నేర్చుకోండి

చంకల కింద పట్టుకుని చంటిపిల్లాడిని ఎత్తినట్టు ఎప్పుడూ ఎత్తకండి, నడుము వేలాడుతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద వేసి, వీపు బల్లలా సమంగా ఉండేలా మీ ఒంటికి ఆనించుకుని లేవండి. దింపేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి తగలాలి. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మామిడిపళ్ల అట్టపెట్టె గానీ గట్టి ప్లాస్టిక్ టబ్బు గానీ చాలు. అడుగున మడతపెట్టిన దుప్పటి, పక్కల కదలకుండా చుట్టిన తువాళ్లు. స్కూటరు ముందు నిలబెట్టి తీసుకెళ్లొద్దు. ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. బయల్దేరే ముందు దాని నడకని అర నిమిషం ఫోన్లో వీడియో తీయండి. టేబుల్ మీద భయంతో బిగుసుకున్న కుక్క అసలు నడక చూపించదు.

4. డాక్టరు దగ్గర

మామూలు ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, వెన్నుపాము కనిపించదు. ఏ డిస్క్ ఎంత నొక్కుతోందో తేల్చేది ఎంఆర్ఐ. ఆ సౌకర్యం మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లోనూ లేదు. కాబట్టి వెన్ను ఆపరేషన్ ఎక్కడ చేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలకి సొంత ఆస్పత్రులున్నాయి, అక్కడా అడగొచ్చు.

నడవగలిగే కుక్కకి సాధారణంగా నొప్పి మందులు, విశ్రాంతి చెబుతారు. మందుల విషయంలో ఒకటి గుండె మీద రాసుకోండి. స్టెరాయిడూ, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందూ ఒకేసారి పడకూడదు. కడుపులో పుండ్లు పడి, పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉంది. ముందు చూసిన డాక్టరు ఏ ఇంజక్షన్ ఇచ్చారో చీటీ తీసుకెళ్లి రెండో డాక్టరుకి చూపించండి. మనం వేసుకునే బ్రూఫెన్, కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ పావు ముక్క కూడా వేయకండి. క్రోసిన్ కూడా సొంతంగా వద్దు. నూనె మర్దనలు, నరం పట్టించడాలు, నడుము లాగించడాలు అసలే వద్దు.

5. కేజ్ తలుపు మూసి ఉంచండి

అసలు వైద్యం ఇదే. కనీసం 4 వారాలు. మందు నొప్పిని తగ్గిస్తుంది, చిట్లిన పొరని అతికించదు. అతుక్కోవడానికి కావాల్సింది కదలని రోజులు. మూడో రోజుకి నొప్పి తగ్గుతుంది, కుక్క తోక ఊపుతుంది, ఆడుకుందాం రమ్మంటుంది. గండం అప్పుడే మొదలవుతుంది.

మా ఇంట్లో అదే జరిగింది. తొమ్మిదో రోజు సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. జున్ను కేజ్ కమ్మీలు గీరుతూ మూలుగుతోంది. మా అత్తయ్య మనసు ఆగలేదు. “పాపం, నోరులేని జీవి, ఎన్నాళ్లని కట్టేస్తావమ్మా, కాసేపు నా పక్కన పడుకుంటుందిలే” అంటూ తలుపు తీశారు. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. జున్ను సోఫా ఎక్కి, అటు నుంచి గుమ్మం వైపు దూకింది. నేను వచ్చేసరికి వెనక కాళ్లు గ్రానైట్ మీద రెండు పక్కలకీ జారిపోయి ఉన్నాయి. అది ముందుకాళ్లతో నా వైపు పాక్కుంటూ వస్తోంది. ఆ రాత్రి కాళ్లు కదుపుతోంది గానీ నిలబడలేకపోయింది. నొప్పి తెలుస్తోంది కాబట్టి మందులతోనే చూద్దామన్నారు డాక్టరు. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి. తప్పు అత్తయ్యది కాదు. విశ్రాంతి అన్నాను గానీ, తలుపు తీస్తే ఏమవుతుందో నేను ఆవిడకి వివరంగా చెప్పలేదు. మర్నాడు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ముంజకాయ ఉదాహరణతో చెప్పాను. ఆ తర్వాత తలుపుకి కాపలా కాసింది అత్తయ్యే.

కేజ్ ఎంత ఉండాలంటే, కుక్క నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి, అంతే. డాష్‌హండ్‌కి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు సరిపోతుంది. లోపల దిగబడిపోయే ఫోమ్ పరుపు వేయకండి. పాత చీరల బొంత రెండు మడతలు వేసి, పైన ఉతికిన నూలు దుప్పటి పరిస్తే మెత్తగానూ ఉంటుంది, పాదం జారదు. కేజ్‌ని వీధి తలుపు కనిపించే చోట పెట్టకండి, వచ్చేపోయేవాళ్లందరికీ ఎగిరెగిరి మొరుగుతుంది. మనుషుల అలికిడి వినిపించే మూల, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టండి. కాళ్ల పట్టు లేని కుక్క ఎండ తగిలితే పక్కకి జరగలేదని గుర్తుంచుకోండి.

బయటికి తీసేది ఒంటేలుకీ దొడ్డికీ మాత్రమే, రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు. చేతుల మీద మోసుకెళ్లి దింపండి. మెడ పట్టీ వద్దు, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. వెనక కాళ్లు బలహీనంగా ఉంటే పాత నూలు తువాలు పొట్ట కింద నుంచి వేసి రెండు కొసలూ పైన పట్టుకోండి. బరువు మోయడానికి కాదు, పడకుండా ఆపడానికే ఆ పట్టు.

6. ఒంటేలు సంగతి

కాళ్లు పడిపోయిన కుక్కకి చాలాసార్లు మూత్రాశయం మీద కూడా పట్టు పోతుంది. బొంత తడిసింది కదా, పోస్తోందిలే అనుకుంటాం. నిండిన బిందె పొర్లినట్టు అది పొర్లడమే కావచ్చు, లోపల బిందె నిండే ఉంటుంది. అలా ఉంచేస్తే కండరం సాగిపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. డాక్టరు చెప్పినట్టు ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి చేత్తో పిండాలి.

ఇది చదివి వచ్చే పని కాదు. మీ చేతుల మీద డాక్టరు చేతులు పెట్టించుకుని నేర్చుకోండి. నా చేతికి తెలిసింది చెబుతాను. కుక్కని నిలబెట్టి పట్టుకుని, రెండు అరచేతులూ పొట్టకి చెరో పక్కన, తొడలకి కాస్త ముందు ఆనించాలి. వేళ్లు బల్లపరుపుగా ఉంచి మెల్లగా దగ్గరికి తెస్తే నీళ్లు నింపిన బుడగ లాంటిది, నిమ్మకాయంతో చిన్న బత్తాయంతో, జారుతూ తగులుతుంది. దాన్ని పొడవకూడదు. రెండు చేతుల మధ్య నిదానంగా, ఒకే ఒత్తిడితో, తోక వైపుగా నొక్కాలి. మొదట ఏమీ రాదు. అయిదారు సెకన్లు ఆగితే ధార మొదలవుతుంది. ధార ఆగాక మళ్లీ తడిమితే బుడగ చేతికి తగలకూడదు. ఎంత ఒత్తినా రాకపోతే బలం పెంచకండి, ఫోన్ చేయండి. రంగు మారినా, దుర్వాసన వచ్చినా, రక్తపు చార కనిపించినా ఇన్ఫెక్షనే అనుకుని పరీక్ష చేయించండి. మొదటి రెండు రోజులూ నాకు రాలేదు, ఏడ్చాను కూడా. మూడో రోజు వచ్చింది. మీకూ వస్తుంది.

తడిసిన చోట గోరువెచ్చని నీళ్లతో తుడిచి పొడిగా ఆరబెట్టండి. నాలుగు గంటలకోసారి కుక్కని ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తుంటి, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి ఎర్రబడితే అది పుండుకి మొదలు.

తిండి నాలుగో వంతు తగ్గించొచ్చా అని డాక్టర్ని అడగండి, కదలని కుక్కకి మునుపటంత అక్కర్లేదు. వేలితో తడిమితే పక్కటెముకలు తగలాలి. బిస్కెట్ల బదులు కీరా ముక్క, ఉడికించిన బీన్స్ పెట్టండి. దొడ్డి గట్టిపడితే ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన గుమ్మడికాయ ఒక చెంచా.

7. తలుపు తీశాక

నాలుగు వారాలయ్యాక డాక్టరు సరేనంటేనే నడక. మొదటి వారం రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు, హార్నెస్ మీద. వారానికి అయిదు నిమిషాలు పెంచండి. పరుగు, మెట్లు, గుడ్డ నోట కరిపించి లాగే ఆట ఇక ఉండవు. మన ఇళ్లలో అసలు శత్రువు నున్నటి నేల. కుక్క తిరిగే దారి పొడవునా రబ్బరు చాపలు పరవండి, గోళ్లు కత్తిరించండి, వేళ్ల మధ్య బొచ్చు తీయించండి. సోఫాకి, మంచానికి వాలుబల్ల చేయించి పైన పాత కార్పెట్ అతికించండి. మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించండి.

కాళ్లు తిరిగి రాకపోతే? అప్పుడు మీకు “పాపం, ఇక దాన్ని బాధ పెట్టకండి” అనేవాళ్లు ఎదురవుతారు. నొప్పి లేకుండా, ఆకలితో తింటూ, మిమ్మల్ని చూసి మొహం వెలిగించే కుక్కకి వెనక రెండు చక్రాల బండి కడితే వీధంతా తిరుగుతుంది. ఆ నిర్ణయం దాని ముఖం చూసి తీసుకోండి, పక్కింటివాళ్ల మాట విని కాదు.

జున్ను ఏడో వారంలో నిలబడింది. నడక ఇప్పటికీ కాస్త ఊగుతుంది, ఎడమ కాలు ఆలస్యంగా వేస్తుంది. ఒకసారి వచ్చింది ఇంకో డిస్కులో మళ్లీ రావచ్చు. అందుకే రాత్రి దీపం తీసేముందు దాన్ని బొంత మీద నిలబెట్టి, ఒక్కో వెనక పాదాన్నీ మడిచి చూస్తాను. కుడిది వెంటనే సరిచేసుకుంటుంది, ఎడమది ఒక్క క్షణం ఆగి. ఆ ఒక్క క్షణం రెండు క్షణాలైన రోజున డాక్టరుకి ఫోన్ చేయాలి.