చేపల తొట్టికి తోడు

"మాకు చేపలు అచ్చిరావండీ" అనే మాట మీరు వినే ఉంటారు. ఆదివారం తొట్టి కొంటారు, అదే చేత్తో నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ కొంటారు. నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. గురువారానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మళ్లీ ఆదివారం వచ్చేసరికి తొట్టి ఖాళీ. నెపం దిష్టి మీదకో వాస్తు మీదకో పోతుంది. అసలు సంగతేంటంటే, చాలాసార్లు ఆ చేపల్ని చంపింది అవి విడిచిన వ్యర్థమే. దాన్ని తినేసే బాక్టీరియా ఆ కొత్త తొట్టిలో ఇంకా స్థిరపడలేదు.

చేప తిన్న మేతలోని నత్రజని చాలావరకు మొప్పల ద్వారా అమ్మోనియాగా బయటికొస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. కంటికి కనపడదు కాబట్టి నీళ్లు తేటగా ఉన్నాయంటే మంచివని కాదు. పైగా పీహెచ్ పెరిగేకొద్దీ దీని విషం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం లోపే, 8 అయితే దాదాపు 5 శాతం.

దీన్ని శుభ్రం చేసే పని రెండు అంచెల్లో జరుగుతుంది. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి తిప్పేస్తుంది. నీళ్లలో గాలి ఉన్నా చేపకు ఊపిరాడదు. రెండో అంచెలో నైట్రైట్ కాస్తా నైట్రేట్ అవుతుంది, దీని హాని చాలా తక్కువ. ఈ రెండో పని నైట్రోబాక్టర్‌దని మనం ఇంటర్‌లో చదువుకున్నాం. కానీ 1998లో మంచినీటి అక్వేరియంలను పరిశీలిస్తే అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. రెండు అంచెలూ ఒక్కటే చేసేయగల నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో బయటపడింది.

పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు రెడీ. వీటి దగ్గర ఆ తొందర కుదరదు. ఈ.కోలై అనుకూలమైన చోట 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది, వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు దాటుతుంది. అమ్మోనియాను ఆక్సీకరణం చేస్తే వచ్చే శక్తి కొంచెమే. ఆ కొంచెంతోనే కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒళ్లు కట్టుకోవాలి మరి! అందుకే కొత్త తొట్టికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఆ వారాల్లో చేపల్ని బలిపెట్టక్కర్లేదు. నేను చేసే పద్ధతి చెప్తాను. నా తొట్టి కొలత 45×30×30 సెంటీమీటర్లు, అంటే సుమారు 40 లీటర్లు. నీళ్లు నింపి, క్లోరిన్ పోగొట్టే మందు వేసి, స్పాంజి ఫిల్టర్ ఆన్ చేస్తాను. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలి, మొత్తం 80 మిల్లీగ్రాములు. అమ్మోనియం క్లోరైడ్ రూపంలో లెక్కేస్తే పావు గ్రాము. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం ఇదే పదార్థం, కాకపోతే తొట్టికి శుద్ధమైన రకమే కావాలి. ఇక మూడు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడమే. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. అమ్మోనియా అయిపోగానే మళ్లీ పావు గ్రాము. కొన్ని వారాలకు నైట్రైట్ కూడా పడిపోతుంది. పావు గ్రాము వేసిన 24 గంటల్లో రెండూ సున్నాకొస్తే తొట్టి సిద్ధం. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి, పేరుకున్న నైట్రేట్ తగ్గించి, ఒకటి రెండు చిన్న చేపలతో మొదలుపెట్టండి.

తోడు దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఫిల్టర్‌లోంచి ఒక స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా తేవాలి. అదే తొట్టిలోంచి బకెట్ నీళ్లు తెచ్చుకుంటే మాత్రం పెద్ద లాభం లేదు. ఎందుకంటే ఈ బాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, స్పాంజి, గులకరాళ్ల మీద జిగురు పొరలో. కాబట్టి నీళ్లు మారిస్తే అవి పోవు, స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా తోమితే పోతాయి. క్లోరిన్ పని అదే కదా! తొట్టిలోంచి తీసిన మగ్గుడు నీళ్లలో రెండుసార్లు పిండితే చాలు.

ఇంకో రెండు జాగ్రత్తలు. అచ్చంగా ఆర్‌ఓ నీళ్లు పోయొద్దు. ఈ ప్రక్రియ నీటిలోని కార్బనేట్లను వాడుకుంటుంది, అవి అయిపోతే పీహెచ్ జారి పని నెమ్మదిస్తుంది. రెండోది, రోజుల తరబడి ఫిల్టర్ ఆపొద్దు. వీటికి ఆక్సిజన్ కావాలి. సెలవులకు ఊరెళ్తూ "ఎవరూ లేరుగా, కరెంటు దండగ" అని స్విచ్ కట్టేస్తే, తిరిగొచ్చేసరికి మళ్లీ మొదటి రోజే.

ఈసారి మీ ఫ్రెండ్ ఎవరైనా తొట్టి కొంటానంటే చేపలు వద్దని చెప్పకండి. చేపల కొట్టుకు నెల రోజులాగి వెళ్లమనండి. ఈలోగా మీ తొట్టిలోంచి ఓ స్పాంజి ముక్క ఇవ్వండి.