దీపం ఉండగానే లెక్క వేసుకుందాం



గత వానాకాలంలో ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి ఆల్థాన్‌లో కరెంటు పోయింది. బయట జోరున వాన. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరి ఇంట్లో సరిగ్గా అప్పుడే తమ్ముడికి ఆయాసం మొదలైంది. నాన్నగారు నైట్ డ్యూటీకి హజీరా వెళ్ళారు. డాక్టరుగారు చెప్పి ఉంచిన ప్రకారం అమ్మ నెబ్యులైజర్ బయటికి తీసింది. కానీ అది నడవాలంటే ప్లగ్గులో కరెంటు ఉండాలి కదా!

"మన దగ్గర పెద్ద పవర్ బ్యాంక్ ఉందిగా అమ్మా, ఇరవై వేలది!" అంటూ ఆ అమ్మాయి పరుగెత్తి తెచ్చింది. తెచ్చాక చూస్తే నెబ్యులైజర్ ప్లగ్గు పెట్టడానికి అందులో చోటే లేదు. చివరికి ఎదురింటి మాసీ తలుపు తట్టారు. వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఉంది. పావుగంటలో బాబు కుదుటపడ్డాడు.

మర్నాడు ఆ అమ్మాయి నన్ను అడిగింది: "మేడమ్, అంత పెద్ద పవర్ బ్యాంక్ అంత చిన్న మెషీన్‌ని ఎందుకు నడపలేకపోయింది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

తొట్టి, కుళాయి

నీళ్ళ తొట్టిని ఊహించుకోండి. దాని గురించి రెండు సంగతులు తెలియాలి. తొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయి? కుళాయిలోంచి ఎంత ధారగా వస్తాయి? తొట్టి ఎంత పెద్దదైనా, కుళాయి సన్నగా ఉంటే బిందె త్వరగా నిండదు.

బ్యాటరీ కూడా అంతే. అందులో నిల్వ ఉన్న శక్తిని వాట్ అవర్లలో కొలుస్తారు. అది ఒక్కసారిగా ఇవ్వగలిగిన శక్తిని వాట్లలో కొలుస్తారు. మీ కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు.

ఇప్పుడు ఆ రాత్రి లెక్క చూద్దాం. నెబ్యులైజర్ వెనక లేబుల్ మీద 120 వాట్లు అని ఉంది. పావుగంట నడిస్తే 120 × ¼ = 30 వాట్ అవర్లు. పవర్ బ్యాంక్ 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లది, అంటే 20 ఆంపియర్ అవర్లు. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది. 20 × 3.7 = 74 వాట్ అవర్లు.

చూశారా? తొట్టిలో నీళ్ళు సరిపడా ఉన్నాయి. కుళాయే చాలలేదు. ఆ పవర్ బ్యాంక్ ఒక్కసారిగా ఇచ్చేది సుమారు 20 వాట్లే. పైగా అది 5 వోల్టుల దగ్గర ఫోన్ల కోసం తయారైంది. నెబ్యులైజర్ అడిగేది గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టులు.

కాబట్టి ఏది కొనేముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి:
1. నాకు అవసరమైన వస్తువు ఎన్ని వాట్లది?
2. ఎన్ని గంటలు నడవాలి?
3. ఎన్ని వోల్టులు అడుగుతుంది?

ఇంట్లో వస్తువుల లెక్క

ఎల్‌ఈడీ బల్బు: 9 వాట్లు
వైఫై రౌటర్: సుమారు 10 వాట్లు
మామూలు సీలింగ్ ఫ్యాన్: సుమారు 75 వాట్లు
కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్: సుమారు 30 వాట్లు
లాప్‌టాప్: 45 నుంచి 65 వాట్లు
ఇస్త్రీ పెట్టె: 1000 వాట్లు

ఇవి ఉజ్జాయింపు అంకెలు. మీ ఇంట్లో వస్తువు సంగతి దాని లేబులే చెబుతుంది.

దేనికి ఏది?

ఫోన్ మాత్రమే చార్జ్ కావాలంటే పవర్ బ్యాంక్ చాలు. అయితే అందులోని శక్తి మొత్తం ఫోన్‌లోకి రాదు. కొంత వేడిగా పోతుంది. మూడింట రెండు వంతులు వస్తుందనుకోండి.

ఆన్‌లైన్ క్లాసు ఆగకూడదంటే రౌటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా చూడండి. తప్పు వోల్టేజ్ ఇస్తే రౌటర్ పాడవవచ్చు.

ఫ్యాన్లు, లైట్లు కూడా కావాలంటే ఇన్వర్టర్ పెట్టుకోవాలి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లది. 12 × 150 = 1800 వాట్ అవర్లు. దాన్ని అడుగంటా వాడేస్తే త్వరగా పాడవుతుంది. నష్టాలు కూడా తీసేసి 1200 అనుకుందాం. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక రౌటర్ కలిపితే 187 వాట్లు. అంటే సుమారు ఆరు గంటలు. అదే బ్యాటరీ మీద ఇస్త్రీ పెట్టె, గీజర్ పెట్టకండి. చిన్న ఇన్వర్టర్ అంత బరువు మోయలేదు. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతే ఫ్యాన్లకూ సున్నితమైన పరికరాలకూ మంచిది.

గంటలా? రోజులా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలు, టవర్లు కూలిపోయాయి. చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు తాపీ నది పొంగి, మన సూరత్ నగరంలో చాలా భాగం మునిగింది. అలాంటప్పుడు ఆరు గంటల ఇన్వర్టర్ ఆరు గంటలే. అప్పుడు ఫ్యాన్లు ఆపేసి, ఒక బల్బుకీ ఫోన్‌కీ మందుల పరికరానికీ శక్తిని దాచుకోవాలి.

కింది అంతస్తులో ఉంటే బ్యాటరీని నేల మీద కాకుండా ఎత్తులో ఉంచాలి, గాలి ఆడే చోట ఉంచాలి. చార్జ్ అవుతున్నప్పుడు యాసిడ్ బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. జనరేటర్‌ని ఇంట్లో గానీ బాల్కనీలో గానీ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మన ట్రాన్స్‌ఫర్ల సంగతి

మనది మూడు నాలుగేళ్ళకోసారి సామాను కట్టే జీవితం. కాబట్టి నాలుగో ప్రశ్న మనకు ప్రత్యేకం: ఇది మనతో వస్తుందా? యాసిడ్ బ్యాటరీ బరువైనది, ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది. పవర్ బ్యాంక్‌ని విమానంలో చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపుదైతే ప్రత్యేక అనుమతి అడగనక్కర్లేదు. మన 74 వాట్ అవర్ల పవర్ బ్యాంక్ హాయిగా వస్తుందన్నమాట!

ఆ అమ్మాయి ఇంట్లో ఏం చేశారో తెలుసా? ఇన్వర్టర్ కొనలేదు. డాక్టరుగారిని అడిగి, బ్యాటరీతో నడిచే చిన్న నెబ్యులైజర్ తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం దాన్ని చార్జ్ చేసే పని ఆ అమ్మాయిదే. మాసీ ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఏ యంత్రమైనా మొరాయించవచ్చు. పక్కింటివాళ్ళతో పరిచయం మాత్రం కొత్త ఊళ్ళో మొదటి రోజే చేసుకోవాల్సిన ఏర్పాటు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దల సామెత. కరెంటు ఉండగానే లేబుళ్ళు చదివి పెట్టుకోండి.

కొత్త పదాలు
ఆయాసం: ఊపిరి సరిగా ఆడకపోవడం
కుదుటపడు: తేరుకొను, నెమ్మదించు
ఉజ్జాయింపు: సుమారైన అంచనా
మొరాయించు: కదలనని మొండికేయు

అభ్యాసం
1. రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక రౌటర్, ఒక మామూలు ఫ్యాన్ మూడు గంటలు నడవాలంటే ఎన్ని వాట్ అవర్లు కావాలి? (జవాబు: 309)
2. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంక్‌లో ఎన్ని వాట్ అవర్లు ఉంటాయి? (జవాబు: 37)
3. కరెంటు పోతే మీ ఇంట్లో ఆగకూడని వస్తువు ఏది? ఎందుకు? అమ్మానాన్నలతో మాట్లాడి, దాని లేబుల్ చూసి, ఐదు వాక్యాల్లో రాయండి.