ఏం వెయ్యాలో అడగడం, ఎక్కడ ఆపాలో తెలియడం

చేప శాండ్‌విచ్‌లో ఏది ఎక్కువ కావాలో, ఏది వద్దో చెప్పి చేయించుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ తన ఇష్టాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా, నొప్పించకుండా చెప్పలేనివారికి అదే పెద్ద పరీక్ష.

అమెరికాలోని సిన్సినాటిలో మెక్‌డొనాల్డ్స్ రెస్టారెంట్ నడిపిన లూ గ్రోయన్, శుక్రవారాలు మాంసం ముట్టని కేథలిక్కుల కోసం 1962లో ఫిలే-ఓ-ఫిష్ అనే చేప శాండ్‌విచ్ తెచ్చాడు. మెత్తటి బన్ను, వేయించిన చేప, టార్టర్ సాస్, సగం చీజ్ ముక్క: అంతే. దాంట్లో ఉల్లిపాయ, లెట్యూస్, ఇంకో చీజ్ ముక్క అడిగి వేయించుకునేవారున్నారు. కోరినట్టు చేసిస్తామన్న మాటనే 1974లో బర్గర్ కింగ్ తన నినాదంగా చేసుకుంది.

ఇలా ఎవరికి నచ్చినట్టు వారు చేయించుకునే చేప వంటకంగా కోనసీమలో చెప్పుకోదగ్గది పులస పులుసు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే హిల్సా చేపే పులస. మట్టి దాకలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు పులుసు పడ్డాక ఇక ఎవరి ఇష్టం వారిది. కొందరు బెండకాయలు వేస్తారు, కొందరు ఆవకాయ మీద తేరిన నూనె, ఇంకొందరు వెన్న. వీటిలో బెండకాయే బాగా అతుకుతుంది. పులుపును పీల్చుకుంటుంది తప్ప చేపతో పోటీపడదు. పులసకు సొంత కొవ్వే దండిగా ఉంటుంది కాబట్టి నూనె, వెన్న చెయ్యి జారితే చేప రుచే మరుగున పడుతుంది.

అడగడానికి అదను కూడా ఉంది. ముక్కలు ఉడకడం మొదలయ్యాక గరిటె పెట్టరు. పెడితే చితికిపోతాయి. గుడ్డతో దాక అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతారు. బెండకాయలు కావాలంటే ఆలోపే చెప్పాలి. విస్తట్లో వడ్డించాక ‘వేసుంటే బాగుండేది’ అంటే వండినవారి మనసు నొచ్చుకోవడమే మిగులుతుంది. కౌంటర్ దగ్గరైనా ఇంతే, చేప బన్నులోకి ఎక్కకముందే చెప్పాలి.

గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువ, దానితోపాటు మొహమాటమూ ఎక్కువే. రాజోలులోనో కొత్తపేటలోనో భోజనానికి కూర్చున్న అతిథి ‘మీ ఇష్టమండి’ అంటే వినయంగానే ఉంటుంది, కానీ ఊహించుకునే బరువంతా వడ్డించేవారి మీద పడుతుంది. ‘ముక్క ఒక్కటి చాలండి, పులుసు కాస్త ఎక్కువ పొయ్యండి’ అంటే ఇద్దరికీ హాయి. ఆ మాటలో గౌరవం తగ్గలేదు, స్పష్టత పెరిగింది. ఫలానాది వేస్తే రుచి చెడుతుందని వండేవారు చెప్పినప్పుడు వినడం కూడా అడగడమంత ముఖ్యమే. వారి చేతికి తెలిసింది తినేవారి నాలుకకు ఒక్కోసారి తెలియదు.

కొత్త వంటకాన్ని మొదటిసారి ఉన్నదున్నట్టుగా తినడం మంచిది. రెండోసారి ఒక్క మార్పు అడగాలి. అమలాపురం హోటల్లో చేపల పులుసైనా, హైదరాబాద్ మాల్‌లో చేప బర్గరైనా, రెండు మూడు ఒకేసారి కలిపితే ఏది నచ్చిందో, ఏది చెడగొట్టిందో తేల్చుకోవడం కష్టం.