గుండె దరువు తప్పితే

సాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పారతాయి. పిల్లకాలువకు పూడిక పడితే ఏమవుతుంది? నీళ్లందని మడి ఎండిపోతుంది. గుండెపోటు కూడా అట్లాంటిదే. గుండె కండకు నెత్తురు తెచ్చే నాళం మూసుకుపోతుంది. నెత్తురు అందని కండ చచ్చిపోతుంది. ప్రాణం దక్కినా అక్కడ మచ్చ మిగులుతుంది.

ఆ మచ్చతో ఏం ముప్పు?

గుండె కొట్టుకోవడానికి సన్నటి కరెంటు కావాలి. అది గుండెలోనే పుడుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచుతుంటే రోకళ్లు వంతు ప్రకారం పడతాయి. వంతు తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. గుండె గదులూ అంతే. మచ్చ దగ్గర కరెంటు దారి తప్పుతుంది. గుండె దడదడలాడుతుంది. ఒక్కోసారి గుండె వణుకుతుందే గాని నెత్తురు తోడదు. అప్పుడు నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

చక్కెర జబ్బు ఏం చేస్తుంది?

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నటి నాళాలు చెడతాయి. గుండె కండ బిగుసుకుపోతుంది. గుండె నరాలు దెబ్బతింటాయి. అందుకే గుండెపోటు వచ్చినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లకు దరువు తప్పే ముప్పు ఎక్కువ. మందు వేసుకొని తిండి మానితే షుగర్ మరీ పడిపోతుంది. అప్పుడు కూడా దరువు తప్పవచ్చు.

ఇంకో మాట. నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు. ఛాతీలో నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. చెమటలు పడతాయి. ఆయాసం వస్తుంది. వాంతి వచ్చినట్లు ఉంటుంది. దవడ, వీపు గుంజుతాయి. "గ్యాస్ పట్టింది, నాట్లేసి అలిసిపోయిన" అని చాలామంది పడుకుంటారు. ఆ పడకే ప్రాణం తీయవచ్చు.

ఏం చేయాలి?

- ఇట్లా ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆ బండికి డబ్బులు ఇవ్వనక్కర్లేదు. ఇంట్లో మగవాళ్లు వచ్చేదాకా ఆగొద్దు.
- సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా సర్కారు దవాఖానాలు ఉన్నాయి. "షుగర్ ఉంది, ఇంతకుముందు గుండెపోటు వచ్చింది" అని ముందే చెప్పాలి. ఈసీజీ తీస్తే గుండె దరువు తెలుస్తుంది.
- మనిషి పడిపోయి ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, గబగబా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపొద్దు.
- గుండెపోటు తగ్గింది కదా అని మందులు మానొద్దు. దడ వచ్చినా, కళ్లు తిరిగినా డాక్టరుకు చూపించాలి.
- 30 ఏళ్లు దాటితే షుగర్, బీపీ చూపించుకోవాలి. ఉపకేంద్రంలో ఏఎన్ఎం ఉచితంగా చూస్తారు. పరగడుపున షుగర్ 126 గాని, అంతకు మించి గాని ఉంటే డాక్టరును కలవాలి.
- అన్నం తగ్గించాలి. కూరలు, పప్పు పెంచాలి. రోజూ నడవాలి.

ఇంటిల్లిపాదికి వండి పెట్టే ఆడమనిషి చివరికి తన మందు తానే మరిచిపోతుంది. మరవొద్దు.

చర్చించండి:
1. నొప్పి లేకుండా గుండెపోటు ఎవరికి రావచ్చు? ఎందుకు?
2. మీ వాడలో షుగర్ చూపించుకోని వాళ్లు ఎవరు? వాళ్లను ఉపకేంద్రానికి ఎప్పుడు తీసుకుపోతారు?
3. ఈ అంకెలు రాయండి: 108, 126.